మణికరణ్ నీళ్లు, మా నాన్న మోకాళ్లు

మా నాన్న సింగరేణిలో ముప్ఫై ఏళ్లకు పైగా బోర్లు వేశాడు. నీళ్ల బోర్లు కాదు, బొగ్గు ఎంత లోతులో ఉందో చూసే బోర్లు. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం బోరు దింపితే వేడినీళ్లు తన్నుకొచ్చిన కథ మా ఇంట్లో నెలకోసారైనా వినపడేది. ఆ బోరు వేసింది నాన్న కాదు. అయినా పక్కనే నిలబడి చూసినట్టు చెప్పేవాడు. రిటైరయ్యాక మోకాళ్లు పట్టేశాయి. డాక్టరు గారు వేడినీళ్ల కాపడం పెట్టుకోమంటే, అవేవో అసలైన వేడినీళ్లలోనే పెట్టుకుంటానని పట్టుబట్టాడు.

"మన బాత్రూంలో గీజర్ ఉంది కదా," అంది అమ్మ.

"దాని నీళ్లకు కరెంటు బిల్లు వస్తది," అన్నాడు నాన్న.

అట్లా అక్టోబరు చివర్లో, కుల్లూ దసరా రద్దీ తగ్గాక, హిమాచల్‌ప్రదేశ్ కొండల్లో మణికరణ్ లాంటి వేడినీటి ఊటలు చూద్దామని నేనూ నాన్నా ఖమ్మంలో ఢిల్లీ రైలెక్కాం. అమ్మ రానంది. కొండల్లో బస్సు తిరిగితే ఆమెకు వాంతులు.

మొదటి రోజు: భుంతర్, మణికరణ్

ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి రాత్రి బస్సు. భుంతర్ దాదాపు 500 కిలోమీటర్లు. తెల్లవారేసరికి కిటికీ బయట బియాస్ నది, నదికి అటూ ఇటూ గోడల్లా కొండలు. నాన్న రాత్రంతా నిద్రపోలేదు. నాలుగు లైన్ల రోడ్డు కోసం తవ్విన సొరంగాలు లెక్కపెడుతూ కూర్చున్నాడట. ఎన్ని అని అడిగితే మాత్రం చెప్పలేకపోయాడు.

భుంతర్‌లోనే పార్వతి నది వచ్చి బియాస్‌లో కలుస్తుంది. వంతెన మీద ఆగి చూశాం. రెండు నీళ్లూ ఒకే రంగులో లేవు. కాసేపు పక్కపక్కనే నడిచి, తర్వాత కలిసిపోతాయి. అక్కడి నుంచి మణికరణ్ 35 కిలోమీటర్లు. ప్రభుత్వ బస్సులో రెండు గంటలు పట్టింది. రోడ్డు కొండను గోకి తీసినట్టు సన్నగా ఉంది. ఎదురుగా లారీ వస్తే రెండిట్లో ఒకటి వెనక్కి పోవాల్సిందే. కిందికి చూస్తే, 2023 జులై వరదలు కోసుకుపోయిన ఒడ్లు ఇంకా పచ్చిపుండులా కనిపిస్తున్నాయి.

దారిలో కసోల్. బోర్డులు ఇంగ్లీషులో, హిందీలో, వాటి కింద హీబ్రూలో. సైన్యంలో పని ముగించుకున్న ఇజ్రాయెల్ పిల్లలు ఏళ్ల తరబడి ఇక్కడికి వస్తుండటంతో ఊరే వాళ్ల భాష నేర్చుకుంది. అక్కడ బస్సెక్కిన నలుగురు కుర్రాళ్లు తెలుగులో "మామా, సిగ్నల్ లేదురా" అని మొదలుపెట్టారు. నాన్న వెంటనే వెనక్కి తిరిగి "ఏ ఊరు?" అన్నాడు. కరీంనగర్, గుంటూరు, ఇద్దరు హైదరాబాద్. దిగేలోపు వాళ్ల జీతాలు తప్ప అన్నీ తెలుసుకున్నాడు.

మణికరణ్‌లో మేము దిగిన లాడ్జి పేరు చెప్పను. ఫోన్లో "రూంలోనే సహజ వేడినీటి స్నానం" అన్నారు. రూంలోకి వెళ్లి చూస్తే గోడకు గీజర్ వేలాడుతోంది. నాన్న దాన్ని చూసి నవ్వు ఆపుకోలేక మంచం మీద కూర్చుండిపోయాడు. "మీ అమ్మకు ఫోటో పంపు," అన్నాడు. పంపాను. అమ్మ రెండు నమస్కారాల బొమ్మలు పెట్టింది.

రెండో రోజు: మణికరణ్

బస్టాండు నదికి ఒక ఒడ్డున ఉంటే, గురుద్వారా, గుళ్లు, బజారు రెండో ఒడ్డున ఉన్నాయి. మధ్యలో నడక వంతెన. తెల్లవారుజామున ఐదింటికి వంతెన దాటుతుంటే ముందు చలి కొట్టింది, సగం దాటాక మొహానికి ఆవిరి తగిలింది. ఒడ్డున రాళ్ల సందుల్లోంచి తెల్లటి పొగ లేస్తోంది. కిందేమో పార్వతి మంచునీళ్లతో గర్జిస్తోంది. ఆ నదికీ ఈ పొగకూ మధ్య పది అడుగులు కూడా లేదు. చదివి తెలుసుకున్నదే అయినా, కళ్లతో చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. నాన్న మాత్రం ఆగి, బూట్లు విప్పి, నేల మీద అరికాలు ఆనించాడు. "కింద పొయ్యి ఉంది," అన్నాడు.

గురుద్వారా లోపల కొన్నిచోట్ల బండలు నిజంగానే కాలుతాయి. అందుకే నడవడానికి చెక్కలు, పట్టాలు పరిచారు. నేను ఒకచోట పట్టా తప్పి అడుగేసి, భరతనాట్యం చేసి వచ్చాను. స్నానానికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు గదులు. ఊటలో నీళ్లు యథాతథంగా అయితే మనిషి ఉడికిపోతాడు, అందుకని చల్లనీళ్లు కలిపి తొట్లలోకి వదులుతారు. అయినా మొదట కాలు పెట్టగానే గబుక్కున బయటికి తీసేశాను. పక్కన ఒక పంజాబీ పెద్దామె నవ్వి, చెంబుతో కొంచెం కొంచెం కాళ్ల మీద, తర్వాత వీపు మీద పోసి నన్ను అలవాటు చేసింది. చిన్నప్పుడు తలంటు పోసేటప్పుడు మా అమ్మమ్మ అట్లాగే పోసేది. పది నిమిషాలు చాలు. అంతకు మించి కూర్చుంటే తల తిరుగుతుంది. ఈ ముక్క నాన్నకు కూడా చెప్పి పంపాను. వినలేదు. ఇరవై ఐదు నిమిషాలు కూర్చుని, బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. బీపీ ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నిమ్మకాయ నీళ్లు తాగించాక తేరుకున్నాడు. తేరుకోగానే అడిగిన మొదటి మాట: "ఇంత వేడి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పు చూద్దాం."

దానికి ఇక్కడ రెండు కథలున్నాయి, ఇంకొకటి నాన్నది.

మొదటిది పార్వతీదేవి కథ. శివపార్వతులు ఇక్కడ విహరిస్తుండగా అమ్మవారి చెవికున్న మణి జారి నీళ్లలో పడింది. పాతాళంలో శేషుడు దాన్ని దాచుకున్నాడు. శివుడు కోపిస్తే భయపడి బుస కొట్టాడు. ఆ బుసకు మరిగే నీళ్లు, వాటితోపాటు మణులు పైకి ఎగజిమ్మాయి. మణి, కర్ణం, అదే మణికరణ్. 1905 కాంగ్రా భూకంపం దాకా ఈ ఊటల్లో మణులు పైకొచ్చేవని ఊరివాళ్లు చెబుతారు. మణుల సంగతి నేను పూచీ పడను గానీ, భూకంపానికి ఊటల దారులు మారడం మామూలేనంటాడు నాన్న.

రెండోది గురునానక్ కథ. శిష్యుడు మర్దానాకు ఆకలేసింది. పిండి దొరికింది, నిప్పు దొరకలేదు. గురువు ఒక రాయి లేపమన్నారు. కింద మరిగే నీళ్లు. రొట్టెలు వేస్తే మునిగిపోయాయి. మర్దానా దిగులు పడితే, దేవుణ్ణి తలచుకుని, తేలితే ఒక రొట్టె దానం చేస్తానని మొక్కుకోమన్నారు. ఉడికిన రొట్టెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఈ కథ నాకు ఎందుకు నచ్చిందంటే, దాని మధ్యలో ఉన్నది ఆకలి. అప్పటి ఆ వంట ఇప్పటికీ ఆగలేదు.

నాన్న కథ ఇది: గనిలోకి దిగేకొద్దీ ఉక్క పెరుగుతుంది. కిలోమీటరు లోతుకు వేడి పాతిక, ముప్ఫై డిగ్రీలు ఎక్కుతుంది. కొండల మీద పడ్డ వాన, కరిగిన మంచు పగుళ్లలోంచి కిందికి, ఇంకా కిందికి దిగి, అక్కడ కాగి, ఇంకో పగులు దొరికితే చల్లారేలోపే పైకి తన్నుకొస్తుంది. "అగ్నిపర్వతం అక్కర్లేదు బిడ్డా. లోతు ఉండాలె, పగులు ఉండాలె." ఇక్కడి రాయి క్వార్ట్‌జైట్. గట్టిది, పెళుసుది, అందుకే పగుళ్లకు కొదవ లేదు. ఈ రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే పెట్టారు, మణికరణ్ క్వార్ట్‌జైట్ అని. ఆ సంగతి చెప్పగానే నాన్న ఒక రాయి ఏరి జేబులో వేసుకున్నాడు.

శివుడి గుడి దగ్గర ఊట చుట్టూ కటకటాలు కట్టారు. లోపల నీళ్లు సలసలా కాగుతున్నాయి. దుకాణంలో గుడ్డ సంచిలో బియ్యం, శనగలు మూట కట్టి అమ్ముతారు. తాడుతో మూటను ఊటలోకి వదిలి పట్టుకుని కూర్చోవడమే. మాకంటే ముందు కూర్చున్న ఒక బీహారీ కుటుంబం మూట తాడు జారవిడుచుకుని, దాన్ని కర్రతో లాగడానికి పావుగంట తంటాలు పడింది. మాది పాతిక నిమిషాల్లో ఉడికింది. మణికరణ్ 1,700 మీటర్లకు పైన ఉంది. ఈ ఎత్తున నీళ్లు వంద డిగ్రీల దాకా పోవు, 94 దగ్గరే మరిగిపోతాయి. ఊట నీళ్లు దాదాపు ఆ అంచునే ఉన్నాయి. అంటే ఇది వెచ్చటి నీళ్లు కాదు, అచ్చంగా ఎసరు. అన్నం కాస్త ముద్దయింది. ఉప్పు లేదు. అయినా ఇద్దరం ఆకులో పెట్టుకుని మొత్తం తిన్నాం.

గురుద్వారా వంటశాలలో ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతుంది. మూతలు బిగించిన పెద్ద పెద్ద గిన్నెలు ఊట గుంటల్లో దించి ఉంటాయి. పప్పు, అన్నం, కూర అన్నీ అందులోనే. మధ్యాహ్నం పంక్తిలో కూర్చుంటే పెసరపప్పు, అన్నం, రొట్టె, కొంచెం ఖీర్. వేలమంది వచ్చినా పొయ్యి చాలదన్న మాట లేదు. నాన్న తిన్నాక లేవలేదు. వెల్లుల్లి వలిచేవాళ్ల దగ్గర చేరాడు. ఆయన హిందీ సింగరేణి క్వార్టర్లలో నేర్చుకున్నది, "నక్కో", "హౌ" తప్పవు. సర్దార్జీలకు అది భలే నచ్చింది.

సాయంత్రం బజారు చివర రామాలయానికి వెళ్లాం. పదిహేడో శతాబ్దంలో కుల్లూ రాజు జగత్‌సింగ్ కట్టించాడు. లేని ముత్యాల కోసం ఒక బ్రాహ్మణుణ్ణి వేధించి, అతని కుటుంబం చావుకు కారణమై, ఆ పాపం వదిలించుకోవడానికి అయోధ్య నుంచి రఘునాథుణ్ణి తెప్పించుకున్న రాజు ఇతనే. కుల్లూ దసరా కూడా అక్కడి నుంచే మొదలైంది. మణి పోగొట్టుకున్న అమ్మవారి ఊళ్లో ముత్యాల మీద ఆశపడ్డ రాజు కట్టిన గుడి! కుల్లూ లోయలోని దేవతలు కూడా పల్లకీల్లో వచ్చి ఇక్కడ స్నానం చేసి వెళతారు. దేవుళ్లకు కూడా మోకాళ్ల నొప్పులున్నాయన్నమాట అన్నాడు నాన్న.

ఇంత చెప్పి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. కొండ నిట్టనిలువుగా ఊరి మీదికి వంగి ఉంటుంది. 2015 ఆగస్టులో బండరాళ్లు విరిగి గురుద్వారా మీద పడ్డాయి, మనుషులు పోయారు. వేడినీళ్లు పైకి రావడానికి దారిచ్చే ఆ పగుళ్లే కొండనూ గుల్ల చేస్తాయి. వానాకాలంలో ఇక్కడికి రావొద్దని నా సలహా.

మూడో రోజు: ఖీర్‌గంగ

నాన్న మోకాళ్లతో ఖీర్‌గంగ ఎక్కడం కుదరదు. "నువ్వు పోయిరా, నాకు వెల్లుల్లి ఉంది," అన్నాడు. పొద్దున్నే బస్సులో బర్షైనీ చేరాను. రోడ్డు అక్కడితో ఆఖరు. దిగగానే ఎదురుగా పార్వతికి అడ్డంగా జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట. ఇక్కడి నీళ్లను 31 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగంలోంచి కొండ అవతల సైంజ్ లోయకు తీసుకెళ్లి 800 మెగావాట్ల కరెంటు తీస్తారు. నాన్న చూడాల్సిన చోటు. ఫోటోలు తీసి పెట్టాను.

నడక పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. నక్థాన్ ఊరి మీదుగా వెళ్లాను. చెక్కా రాయీ వరుసలుగా పేర్చిన ఇళ్లు, కింద గొడ్లు, పైన మనుషులు. ఇంటి ముందు రాజ్మా ఎండబోసి ఉంది. రుద్రనాగ్ జలపాతం దగ్గర చాయ్ తాగాను. జలపాతం పాములా మెలికలు తిరిగి పడుతుంది, పేరు అందుకే. అక్కడి నుంచి అడవిలో ఎక్కుడు. నేను పది అడుగులకు ఒకసారి ఆగాను. వీపున గ్యాస్ సిలిండరు కట్టుకున్న ఒక మనిషి నన్ను దాటి వెళ్లాడు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి దాటాడు. రెండోసారి నేను అదే చెట్టు కింద ఉన్నాను.

పైకి చేరేసరికి మూడు దాటింది. ఎత్తు దాదాపు 2,950 మీటర్లు. గడ్డి మైదానం, చుట్టూ మంచు కొండలు, ఒక చిన్న గుడి, పొగలు కక్కే కొలను. కొలనులోకి దిగేముందు పైపు కింద కాళ్లు కడుక్కోవాలి, సబ్బు వాడకూడదు. నీళ్లు ఇక్కడ మణికరణ్‌లా మరగవు, ఒంటికి సరిగ్గా సరిపోయే వేడి. నీళ్లలో తెల్లటి మీగడ తరకల్లాంటివి తేలుతుంటాయి.

ఖీర్ అంటే పాయసం. కుమారస్వామి ఇక్కడ వెయ్యేళ్లు తపస్సు చేశాడట, అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు పార్వతి పాయసం పారించిందట. కలియుగంలో మనుషులు దానికోసం కొట్టుకుంటారని పరశురాముడు దాన్ని నీళ్లుగా మార్పించాడట. మన దగ్గర కుమారస్వామి అలిగి క్రౌంచగిరికి వచ్చాడని, కొడుకును వెతుక్కుంటూ వచ్చిన శివపార్వతులు శ్రీశైలంలో మల్లికార్జునుడు, భ్రమరాంబగా ఉండిపోయారని చెప్పుకుంటాం. అలిగిన పిల్లవాడి వెనక అమ్మానాన్నలు పరుగెత్తడం హిమాలయాల్లోనూ నల్లమలలోనూ ఒకటే.

ఇప్పుడు నా ఫిర్యాదు. మగవాళ్ల కొలను ఆరుబయట, నీళ్లలో కూర్చుని మంచు కొండలు చూడొచ్చు. ఆడవాళ్లకు పక్కన గోడలు కట్టిన కొలను. చాటు ఉండాలి, కాదనను. కానీ నాలుగైదు గంటలు ఎక్కి వచ్చింది నాలుగు గోడలు చూడటానికా? కొండ వైపు గోడ కొంచెం తగ్గించి కట్టినా సరిపోయేది. లోపల మేం ఆరుగురం. ఒకావిడ పుణె, ఇద్దరు ఢిల్లీ, ఒక తల్లీకూతుళ్లు కుల్లూవాళ్లే. కూతురు నా మాటలకు నవ్వి, "రాత్రికి రా, తల ఎత్తితే సరిపోతుంది" అంది. రాత్రి భోజనం అయ్యాక, చలికి వణుకుతూ మళ్లీ దిగాను. మెడ దాకా వేడినీళ్లు, ముక్కు కొసన గడ్డకట్టే చలి, పైన చుక్కలు. గోడల మీది కోపం కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

నాలుగో రోజు

దిగడం ఎక్కడం కంటే కష్టం. సాయంత్రానికి మణికరణ్. నా మోకాళ్లు కూడా ఇప్పుడు నాన్న మోకాళ్లలాగే ఉన్నాయి. ఇద్దరం తలో తొట్టెలో కూర్చుని వచ్చాం.

నేను లేని రెండు రోజుల్లో ఆయన ఒక సంగతి తెలుసుకొచ్చాడు. ఒకప్పుడు ఇక్కడ ఈ వేడినీళ్లతోనే 5 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు నడిపి చూశారు. అంతకంటే వింత, ఏడున్నర టన్నుల శీతల గిడ్డంగి కూడా నడిపారు. మరిగే నీళ్లతో చల్లదనం! వేడితో అమ్మోనియాను ఆవిరి చేసి, మళ్లీ ద్రవం చేసి, ఆ తిప్పుడులో చలి పుట్టించే పద్ధతి అది. "మన పగిడేరులో సింగరేణోళ్లు పెట్టింది 20 కిలోవాట్లు," అని గర్వంగా చేర్చాడు. కిలోవాట్ల పందెంలో మేం గెలిచాం. అన్నం వండటంలో మాత్రం మణికరణ్‌ను కొట్టలేం.

ఐదో రోజు, ఆరో రోజు: వశిష్ఠ్

మళ్లీ భుంతర్ దిగి, కుల్లూ మీదుగా మనాలి దారి. ఢాల్‌పూర్ మైదానంలో దసరా మేళా దుకాణాలు కొన్ని ఇంకా ఎత్తేయలేదు. అమ్మకు శాలువా కొన్నాం. మనాలికి ముందు కలాథ్‌లో కూడా వేడినీటి ఊట ఉంది, కపిల మునిది అంటారు. కాళ్లు తడుపుకుని, పావుగంటలో బయల్దేరాం. మనాలి గురించి చెప్పడానికేమీ లేదు. హారన్లు.

మనాలికి మూడు కిలోమీటర్లలో, బియాస్ అవతలి గట్టు మీద వశిష్ఠ్ ఊరు. ఇక్కడి నీళ్లకు గంధకం వాసన ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన అంటారు గానీ, నాకైతే దీపావళి మర్నాడు వీధి గుర్తొచ్చింది. వశిష్ఠుడి గుడి, పక్కన రాముడి గుడి. చెక్క మీద చెక్కిన లతలు, జంతువులు చేత్తో తడమాలనిపించేంత బాగున్నాయి. స్నానాల తొట్లు ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా, పైకప్పు లేకుండా.

నాకు ఇక్కడ బాగా నచ్చింది గుడి కాదు, బయటి వరుస పైపులు. తొట్లలోంచి వచ్చే వేడినీళ్ల దగ్గర ఊరి ఆడవాళ్లు దుప్పట్లు, ఉన్ని బట్టలు, ఇంటి గిన్నెలు తెచ్చి తోముతున్నారు. ఒకామె బండ మీద గొంగడి పరిచి కాళ్లతో తొక్కుతూ పక్కామెతో గట్టిగా కబుర్లు చెబుతోంది. ఫోటో తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నిజమే, మన ఊరి చెరువు గట్టున ఎవరైనా కెమెరా పట్టుకు నిలబడితే మా అమ్మ ఊరుకుంటుందా? కొండను ఈ మనుషులు అడిగింది ఇంతే: చలికాలంలో చేతులు కొంకర్లు పోకుండా బట్టలు ఉతుక్కునే వీలు. చుట్టుపక్కల హోటళ్లు "స్పా" బోర్డులు పెట్టి వేలు గుంజుతుంటే, అసలు సుఖం ఈ పైపుల దగ్గర ఉచితంగా పారుతోంది.

ఆరో రోజు పొద్దున నాన్న స్నానం చేసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కింద బియాస్ కనిపిస్తోంది. ఆదిపర్వంలో ఆ నది పేరు విపాశ. కొడుకులందరూ చనిపోయిన దుఃఖంతో వశిష్ఠుడు తనను తాడుతో కట్టుకుని దీనిలో దూకాడు. నది ఆయన కట్లు తెంచి ఒడ్డున పడేసింది. పాశం విడిపించింది కాబట్టి విపాశ. చావనివ్వలేదు. తర్వాత ఇంకో నదిలో దూకితే, ఆ నది ఆయన తేజస్సుకు భయపడి వంద పాయలుగా పారిపోయింది, అది శతద్రువు, నేటి సట్లెజ్.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. పెద్ద ప్రమాదంలో పోయిన ఒక తోటి కార్మికుడి తండ్రి గురించి, నేనెప్పుడూ వినని మాట ఒకటి చెప్పాడు. అది ఇక్కడ రాయను. మధ్యాహ్నం సిద్దు తిన్నాం, ఆవిరి మీద ఉడికించిన గోధుమ రొట్టె, లోపల గసగసాలు, పైన నెయ్యి. నాన్న రెండు తిన్నాడు.

మోకాళ్ల సంగతి? స్నానం చేసిన రెండు మూడు గంటలు మెట్లు బాగానే ఎక్కుతున్నాడు. సాయంత్రానికి మళ్లీ "అబ్బా". వేడినీళ్లు రోగం కుదిర్చేస్తాయని బోర్డులు రాసేవాళ్ల మాట నమ్మొద్దు. కాపడం కాపడమే.

ఏడో రోజు: తత్తాపానీ

తిరుగు దారిలో సిమ్లా మీదుగా పోదామని, తత్తాపానీలో ఆగాలని నేనే పట్టుబట్టాను. మనాలి నుంచి టాక్సీలో రోజంతా ప్రయాణం. మండి, సుందర్‌నగర్ దాటాక కొండలు గుండ్రబడ్డాయి, చలి తగ్గింది, స్వెట్టర్లు విప్పాం.

తత్తాపానీ అంటేనే వేడినీళ్లు. సట్లెజ్ ఒడ్డున ఇసుకలోంచి, రాళ్లలోంచి ఊరేవి. కోల్ డ్యామ్ కట్టాక, పాత ఊటలు, పాత స్నానఘట్టాలు జలాశయం కింద మునిగిపోయాయి. వంద పాయలుగా పారిపోయిన శతద్రువు ఇక్కడ ఎటూ కదలకుండా ఆకుపచ్చగా నిలబడి ఉంది. పడవల్లో పర్యాటకులు తిరుగుతున్నారు.

భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. చిన్నప్పుడు నాన్న నన్ను తీసుకెళ్లి, చేత్తో గుంట తవ్వించి, నీళ్లు ఊరగానే నా వేలు అందులో పెట్టించాడు. తత్తాపానీ కూడా అట్లాగే ఉండేదని ఊహించుకుంటూ వచ్చాను. ఇప్పుడు చూడటానికి ఇసుక లేదు. బోర్లు వేసి వేడినీళ్లు పైకి తెచ్చారు. ఆ నీళ్లే ఇప్పుడు తొట్లలోకి వస్తున్నాయి. సంక్రాంతికి ఇక్కడ పెద్ద మేళా. 2020 సంక్రాంతి నాడు ఒకే పాత్రలో 1,995 కిలోల కిచిడీ వండి గిన్నిస్ రికార్డు కొట్టారట. సంక్రాంతికి మన దగ్గర కొత్త బియ్యం పొంగలి, వీళ్లకు కిచిడీ.

నాకు మనసు కొంచెం చివుక్కుమంది. ఎంతైనా పైపులోంచి వచ్చే నీళ్లు. నాన్నకు అట్లాంటిదేమీ లేదు. తొట్టి దగ్గరికి పోకుండా నేరుగా పైపు దగ్గరికి పోయి, దాని మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసి, మళ్లీ ఆనించాడు. కాపలా అతన్ని పట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. ఎన్ని మీటర్లు? కేసింగ్ ఎంత? రాయి ఎక్కడ తగిలింది? మోటరు పెట్టారా, దానంతటదే పొంగుతోందా? అతనికి ఏ ఒక్కటీ తెలియదు. "సాబ్, పానీ గరమ్ హై," అన్నాడు చివరికి.

"హౌ, ఓ తో మాలూమ్," అన్నాడు నాన్న.

ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. జేబులోంచి మణికరణ్ రాయి తీసి పక్కన పెట్టుకున్నాడు. అమ్మ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను.

"మోకాళ్లు ఎట్లున్నయి?"

"బోరు మంచిగేసిండ్రు," అన్నాడు నాన్న.